సొంతంగా పని చేసుకునే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, కార్పెంటర్ల కోసం: పన్నులు, ఆడిటర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో వైరింగ్ పనులు మొదలుపెట్టి నాకు పదిహేడేళ్లు. నేను ఆడిటర్ని కాను. కాకపోతే ఒకసారి దెబ్బ తిని ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాను. అప్పటినుంచి ఎలక్ట్రికల్ షాపు కౌంటర్ దగ్గర వైర్ కాయిల్ కోసం నిలబడ్డా, సైట్లో టీ తాగుతున్నా ఎవరో ఒకరు అవే ప్రశ్నలు అడుగుతారు. చెప్పి చెప్పి చివరికి ఇట్లా రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మొదటినుంచి చదవక్కర్లేదు. రేట్లు, పరిమితులు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ, జనం నోట్లో ఇంకా పాత నంబర్లే ఉన్నాయి. నేనూ అవే వాడాను.

## పని మొదలుపెట్టినప్పుడు

నేను రెక్కలాడిస్తే గానీ రోజు గడవనివాణ్ని. నాకెందుకు ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవ?

చట్టం దృష్టిలో మీరు కూలీ కాదు, వ్యాపారి. నెల జీతం లేకుండా సొంతంగా పని ఒప్పుకుని డబ్బు తీసుకునే ప్రతి ఒక్కరి సంపాదనా వ్యాపార ఆదాయం కిందికే వస్తుంది. ఖర్చులు పోగా ఏడాదికి మిగిలింది 4 లక్షలు దాటితే రిటర్న్ (ఏడాది ఆదాయం లెక్క ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు చూపించే ఫారం) వెయ్యాలి. 4 లక్షలంటే నెలకు 33 వేల చిల్లర. చేతి కింద ఇద్దరు హెల్పర్లున్న మేస్త్రీలు చాలామంది ఈ గీత ఎప్పుడో దాటేసి ఉంటారు, లెక్క చూసుకోక తెలియదంతే.

12 లక్షల దాకా పన్ను లేదని టీవీలో చెప్పారు. మళ్లీ రిటర్న్ ఎందుకు?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. పన్ను కట్టడం వేరు, రిటర్న్ వెయ్యడం వేరు. కొత్త పద్ధతిలో 4 లక్షల తర్వాత 5 శాతం, 8 లక్షల తర్వాత 10 శాతం చొప్పున లెక్క మొదలవుతుంది. ఆదాయం 12 లక్షల లోపు ఉంటే ఆ వచ్చిన పన్నును, 60 వేల దాకా, రిబేటు కింద మాఫీ చేస్తారు. ఆ మాఫీ రిటర్న్‌లో చూపించుకుంటేనే వస్తుంది. అంటే 4 నుంచి 12 లక్షల మధ్య ఉన్నవాళ్లు రూపాయి కట్టక్కర్లేదు, రిటర్న్ మాత్రం వెయ్యాలి.

ఆదాయం 4 లక్షల లోపే ఉన్నా కొన్ని సందర్భాల్లో రిటర్న్ తప్పదు: ఏడాది వసూళ్లు 60 లక్షలు దాటినా, మీకిచ్చే డబ్బులోంచి మీ పేరు మీద ముందే పట్టుకున్న పన్ను (టీడీఎస్) 25 వేలకు చేరినా, కరెంటు బిల్లు ఏడాదికి లక్ష దాటినా.

ఇంకొకటి. జీతగాళ్లకు ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మనకు లేదు. ‘12 లక్షల 75 వేల దాకా ఫ్రీ’ అని విన్నది వాళ్ల లెక్క.

ఉద్యమ్, ట్రేడ్ లైసెన్స్, వృత్తి పన్ను... ఇన్ని కావాలా?

ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, అది తీసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. నెట్ సెంటర్లో దీనికి వెయ్యి, రెండు వేలు గుంజేవాళ్లున్నారు, ఇవ్వకండి. బ్యాంకులో కరెంట్ ఖాతాకూ, ముద్రా లోనుకూ పనికొస్తుంది. షాపో, వర్క్‌షాపో పెడితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి. టూల్ బ్యాగ్ తగిలించుకుని ఇళ్లకు వెళ్లి చేసేవాళ్లను ఎవరూ అడగరు. వృత్తి పన్ను రాష్ట్రానిది, ఎంత పెద్దవాడైనా ఏడాదికి 2,500 మించి వెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉంది.

రిటర్న్ వేస్తే బియ్యం కార్డు పోతుందంట, నిజమేనా?

ఈ భయం ఉత్తది కాదు, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. మన రాష్ట్రంలో పథకాలకు చేసే ఆరు అంచెల పరిశీలనలో ‘కుటుంబంలో ఎవరూ ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండకూడదు’ అని ఉంది. పన్ను సున్నా వచ్చిన రిటర్న్ వేసినంత మాత్రాన మీరు పన్ను చెల్లించినవారు అయిపోరు. అయితే అదే పరిశీలనలో కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు దాటకూడదని కూడా ఉంది. మీరు రిటర్న్‌లో ఏడాదికి 5 లక్షలని రాసి, సచివాలయంలో నెలకు 12 వేలే అంటే రెండు మాటలకూ పొంతన కుదరదు.

నా మాట వింటే, నిజంగా ఆదాయం ఉన్నవాళ్లు కార్డు కోసం రిటర్న్ మానుకోవద్దు. రేపు పిల్లల చదువు లోనుకో, ఇంటి లోనుకో వెళ్లినప్పుడు ఆ కార్డు పనికిరాదు. ఆదాయం నిజంగానే 4 లక్షల లోపు ఉన్నవాళ్లకు రిటర్న్ తప్పనిసరి కాదు గనక ఈ తలనొప్పే లేదు.

## రోజువారీ లెక్క

లెక్కలు రాయడం నాకు చేతకాదు. తక్కువలో తక్కువ ఏం రాసుకోవాలి?

నా నోటుబుక్కులో ఒక పేజీ ఇట్లా ఉంటుంది:

‘14వ తేదీ. కొర్లగుంట, మిద్దె పైన రెండు రూములు. అడ్వాన్స్ 5,000 ఫోన్‌పే. వైరు, పైపులు 3,140 (బిల్లు ఉంది). హెల్పర్ 800 క్యాష్. పెట్రోలు 200.’

అంతే. తేదీ, ఎక్కడ, ఎంత వచ్చింది, ఎట్లా వచ్చింది, ఎంత పోయింది. ‘ఎట్లా వచ్చింది’ అన్నది మర్చిపోవద్దు. క్యాష్‌కు ఒక రేటు, బ్యాంకు ద్వారా వచ్చినదానికి ఇంకో రేటు ఉన్నాయి కాబట్టి ఏడాది చివర ఆడిటర్ మొదట అడిగేది అదే. బిల్లులు చొక్కా జేబులో పెడితే చెమటకు అక్షరాలు పోతాయి. షాపులో ఇచ్చే థర్మల్ పేపర్ బిల్లయితే రెండు నెలలకే తెల్లకాగితం. అప్పటికప్పుడు ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మా ఇంట్లో ఆదివారం రాత్రి నా కూతురు ఆ వారం లెక్క కూడి పేజీ కింద రాస్తుంది, పది నిమిషాల పని.

మెటీరియల్‌కు కస్టమర్ ఇచ్చిన డబ్బు కూడా నా ఆదాయమేనా?

మీరు ఎట్లా ఒప్పుకున్నారో దాన్ని బట్టి ఉంటుంది. లేబర్ ఒక్కటే ఒప్పుకుని, సామాను కస్టమర్ తన పేరు మీద బిల్లుతో కొనుక్కుంటే మీ వసూలు లేబర్ మాత్రమే. మెటీరియల్‌తో కలిపి మొత్తం ఇంతకు చేస్తానని ఒప్పుకుంటే ఆ మొత్తమంతా మీ టర్నోవరే, అందులో మీకు మిగిలింది పది శాతమైనా సరే.

ఒక మూడు పడకగదుల ఇల్లు అనుకోండి. లేబర్ 90 వేలు, సామాను 2 లక్షల 10 వేలు. మొదటి పద్ధతిలో మీ పుస్తకంలో పడేది 90 వేలు, రెండో పద్ధతిలో 3 లక్షలు. అట్లాంటివి ఏడాదికి ఏడు చేస్తే 21 లక్షలు, 20 లక్షల జీఎస్టీ గీత దాటినట్టే. సామాను మీద పెద్దగా మిగలనప్పుడు షాపు బిల్లు కస్టమర్ పేరు మీద రాయించి, డబ్బు ఆయన చేతే నేరుగా షాపుకు కొట్టించడం మేలు. షాపువాడు మీకు ఇచ్చే కమిషన్ మాత్రం మీ ఆదాయమే, మర్చిపోకండి.

ఫోన్‌పే తీసుకుంటే ట్యాక్స్ పడుతుంది, క్యాష్ అయితే ఎవరికీ తెలియదు కదా?

2025 జూలైలో పక్కనే కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ జమలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయి. అప్పటినుంచి చిత్తూరు, పలమనేరు వైపు కూడా ‘స్కానర్ లేదు, క్యాష్ ఇవ్వండి’ అనడం మొదలైంది. పన్ను పడేది యూపీఐ మీద కాదు, సంపాదన మీద. నిజానికి క్యాష్‌కే రేటు ఎక్కువ: క్యాష్ వసూళ్ల మీద 8 శాతం లాభం చూపించాలి, బ్యాంకు ద్వారా వచ్చినదానిమీద 6 శాతం చాలు. ఆ క్యాష్ అంతా తీసుకెళ్లి ఖాతాలో వేస్తే అప్పుడు తెలియనే తెలుస్తుంది. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, అంతకుమించి క్యాష్ జమ అయితే బ్యాంకే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు చెప్తుంది.

చీటీ పాడిన డబ్బు, బావమరిది ఇచ్చిన అప్పు అన్నీ అదే ఖాతాలో పడ్డాయి. అవీ లెక్కలోకి వస్తాయా?

ఆదాయం కాదు. కాదని చూపించాల్సింది మాత్రం మీరే. అందుకే పని డబ్బుకు ఒక ఖాతా, ఇంటి డబ్బుకు ఇంకొకటి పెట్టుకోండి. ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ పోతుంది. చీటీ పాస్‌బుక్కు దాచండి. అప్పు 20 వేలు, అంతకుమించి అయితే క్యాష్‌లో తీసుకోకూడదు. చుట్టమైనా, స్నేహితుడైనా ఖాతాలోకే వేయించుకోండి.

ఇల్లు కట్టించేవాళ్లు రెండున్నర లక్షలు ఒకేసారి క్యాష్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఒకే పనికి, ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, అంతకుమించి క్యాష్ తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంతా జరిమానా వెయ్యొచ్చు. అదీ ఇచ్చినవాళ్లకు కాదు, తీసుకున్న మీకు. మూడు రోజులు మూడు ముక్కలు చేసి తీసుకున్నా అదే పని కాబట్టి అదే లెక్క.

## ఆడిటర్ని వెతుక్కునేటప్పుడు

మా వీధిలో ‘ఆడిటర్’ అని బోర్డు ఉంది. ఆయన నిజంగా ఆడిటరేనా?

మన ఊళ్లో రిటర్న్ వేసే ప్రతివాణ్నీ ఆడిటర్ సార్ అనే పిలుస్తాం. అందులో చార్టర్డ్ అకౌంటెంట్లు (సీఏలు) ఉంటారు, ట్యాక్స్ అడ్వకేట్లు ఉంటారు, జీఎస్టీ ప్రాక్టీషనర్లు ఉంటారు, ఏ అర్హతా లేకుండా పెద్ద ఆఫీసులో పదేళ్లు పని చేసి బయటికి వచ్చినవాళ్లూ ఉంటారు. మామూలు ఐటీఆర్-4 (మనలాంటి చిన్న వ్యాపారుల ఫారం) రిటర్న్‌కు చివరివాళ్లు కూడా పనికొస్తారు, కొందరు బాగా చేస్తారు కూడా. బ్యాంకుకు సర్టిఫికెట్, ట్యాక్స్ ఆడిట్ లాంటివి మాత్రం సీఏనే చెయ్యాలి. సీఏ సంతకం పెట్టిన సర్టిఫికెట్ మీద 18 అంకెల యూడీఐఎన్ నంబర్ ఉంటుంది. సీఏల సంస్థ ఐసీఏఐ వాళ్ల యూడీఐఎన్ పోర్టల్‌లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది.

అసలు నాకు ఆడిటర్ అవసరమా, నేనే వేసుకోవచ్చా?

లేబర్ పని ఒక్కటే చేస్తూ, ఒకటి రెండు ఖాతాలుండి, జీఎస్టీ లేకపోతే ఐటీఆర్-4 మీరే వేసుకోవచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఉచితం. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. జీఎస్టీ ఉన్నా, స్థలం అమ్మినా, షేర్లలో ట్రేడింగ్ చేసినా, నోటీసు వచ్చినా ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ మిగిలే ఫీజు కంటే పోయేది ఎక్కువ.

ఫీజు ఎంత ఇవ్వాలి? బేరమాడొచ్చా?

బేరం కంటే ముందు ఆ ఫీజులో ఏమేం ఉన్నాయో అడగండి. రిటర్న్ ఒక్కటేనా, కంప్యుటేషన్ (పన్ను ఎట్లా లెక్క కట్టారో చూపే కాగితం) కాపీ ఇస్తారా, నోటీసు వస్తే జవాబు ఇందులోనేనా, విడిగానా? మనం పనికి ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు స్విచ్‌బోర్డులు కలిపా, కాకుండానా అని కస్టమర్ అడగడా, అట్లానే.

‘మీకు రీఫండ్ తెప్పిస్తా, అందులో ఇంత శాతం నాకు’ అన్నాడంటే లేచి వచ్చెయ్యండి. రీఫండ్‌లో వాటా మీద ఫీజు తీసుకోవడం సీఏల నియమాలకే విరుద్ధం. అట్లాంటివాళ్లు లేని ఇంటి అద్దె, లేని విరాళాలు రాసి రీఫండ్ లాగుతారు. 2025 జూలైలో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఇట్లాంటి దొంగ మినహాయింపులు వేసేవాళ్ల మీద దేశమంతా సోదాలు చేశారు. రిటర్న్ వేసినవాడు ఎవరైనా వెరిఫై చేసింది మీరు కాబట్టి, కక్కాల్సింది కూడా మీరే.

పోర్టల్ పాస్‌వర్డ్ ఆడిటర్ దగ్గరే ఉంది. పర్వాలేదా?

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మొదటి నాలుగేళ్లు నా రిటర్నులు వేసిన ఆయన పోర్టల్‌లో తన ఫోన్ నంబరు, తన మెయిల్ ఐడీ పెట్టుకున్నాడు. నాకు తెలియదు. ఏటా ఫీజు ఇవ్వడం, ఒక కాగితం తెచ్చుకోవడం, అంతే. ఒక ఏడాది రిటర్న్‌లో తప్పుందని, సరిచెయ్యమని నోటీసు ఆయన మెయిల్‌కు వెళ్లింది. ఆయన చూడలేదో, చూసి మర్చిపోయాడో. సరిచెయ్యకపోతే ఆ రిటర్న్ చెల్లకుండా పోతుంది, పోయింది. నాకు తెలిసింది ఏడాదిన్నర తర్వాత బ్యాంకు మేనేజర్ చెబితే. లోను కాగితాలన్నీ టేబుల్ మీద పరిచాక ‘ఈ సంవత్సరం రిటర్న్ లేదు కదా మీకు’ అన్నాడాయన. అప్పటికి నేను స్థలానికి అడ్వాన్స్ కట్టేసి ఉన్నాను.

ఆడిటర్‌కు పాస్‌వర్డ్ ఇవ్వచ్చు, అది తప్పు కాదు. ఫోన్, మెయిల్, బ్యాంకు ఖాతా మాత్రం మీవే ఉండాలి. ఈరోజే పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి ప్రొఫైల్ చూడండి. పాస్‌వర్డ్ తెలియకపోతే ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు.

‘ఓటీపీ వచ్చింది, చెప్పండి’ అని ఫోన్ చేస్తే చెప్పెయ్యొచ్చా?

దేనికో అడగండి. రిటర్న్ వెరిఫై చెయ్యడానికైతే రిటర్న్ చదివాకే చెప్పండి. మీ ఆధార్, పాన్, ఓటీపీ మూడూ చేతికొస్తే మీ పేరు మీద జీఎస్టీ నంబరు తీసి దొంగ బిల్లులు కొట్టేవాళ్లున్నారు. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికే సౌకర్యం ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మీ పాన్ కొట్టి, మీకు తెలియని నంబరేదైనా ఉందేమో ఏడాదికోసారి చూసుకోండి.

ఆడిటర్ని మార్చాలంటే ఏమేం తీసుకోవాలి?

వేసిన ప్రతి ఏడాదికీ ఐటీఆర్ అక్నాలెడ్జ్‌మెంట్, పూర్తి ఫారం, కంప్యుటేషన్. జీఎస్టీ ఉంటే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్. మొదటి రెండూ పోర్టల్‌లో మీరే దించుకోవచ్చు, కంప్యుటేషన్ ఒక్కటి ఆయన్నే అడగాలి. మొహమాటం అక్కర్లేదు, ‘లోను కోసం కావాలి సార్’ అంటే ఇస్తారు.

## రిటర్న్ వేసేటప్పుడు

44ఏడీ అంటున్నారు. అంటే ఏంటి?

చిన్న వ్యాపారులు ప్రతి ఖర్చుకూ బిల్లు చూపించే బాధ లేకుండా, మొత్తం వసూళ్లలో ఇంత శాతం లాభమని లెక్క కట్టే పద్ధతి. క్యాష్ వసూళ్ల మీద 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, ఇది తక్కువలో తక్కువ. టర్నోవర్ 2 కోట్ల దాకా వాడుకోవచ్చు. ఏడాదికి 14 లక్షల వసూళ్లలో 9 లక్షలు యూపీఐ, 5 లక్షలు క్యాష్ అనుకుంటే 54 వేలు, 40 వేలు కలిపి 94 వేలు. అంతకు తగ్గకుండా చూపించాలి. పెట్రోలు, డ్రిల్లింగ్ మిషన్, హెల్పర్ కూలీ అన్నీ అందులో పోయినట్టే, మళ్లీ విడిగా తీసెయ్యడానికి లేదు. ఒకసారి ఈ పద్ధతిలోకి వచ్చి ఐదేళ్ల లోపు బయటికి వెళ్తే ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ రానివ్వరు.

అయితే 8 శాతమే చూపించి ఊరుకోవచ్చు కదా? ఆడిటర్ కూడా అదే అన్నాడు.

ఇక్కడే నాకూ చాలామంది ఆడిటర్లకూ మాట కలవదు. 8 శాతం కిరాణా కొట్టుకు సరిపోతుందేమో. మనది రెక్కల పని. 14 లక్షల్లో మెటీరియల్ 5 లక్షలు, హెల్పర్లకు మూడు లక్షల చిల్లర, పెట్రోలు, పనిముట్లు ఒక లక్ష పోయినా నాలుగున్నర, ఐదు లక్షలు మిగులుతుంది. చట్టంలో ఉన్నది కూడా ‘8 శాతం లేదా అంతకన్నా ఎక్కువ’ అనే.

94 వేలని రాస్తే ఏమవుతుందో చూడండి. నెలకు 8 వేల ఆదాయం. అదే ఖాతాలోంచి బండికి 6 వేల ఈఎంఐ, పిల్లల స్కూలుకు ఏడాదికి 80 వేలు పోతున్నాయి. తిండి ఎట్లా తింటున్నావని ఎవరైనా అడిగితే జవాబు లేదు. బ్యాంకులో లోను రాదు. పోనీ దాచినందుకు పన్నేమైనా మిగిలిందా? 4 లక్షల 80 వేలు చూపించినా పన్ను 4 వేలు, రిబేటుతో సున్నా. 12 లక్షల దాకా పన్నే లేనప్పుడు ఆదాయాన్ని ఎందుకు దాచడం? పన్ను పడే రోజుల్లో పట్టిన అలవాటిది, ఆడిటర్లకూ పోలేదు, మనకూ పోలేదు. ‘సార్, నాకు మిగిలింది ఇంత, అంతే రాయండి’ అని మీరే అంకె చెప్పండి.

నేను కార్పెంటర్ని, ఇంటీరియర్ పనులు చేస్తాను. నాకు 50 శాతం లాభం చూపించాలన్నాడు. కరెక్టేనా?

డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఇంటీరియర్ డెకరేటర్లు లాంటి కొన్ని వృత్తులకు 44ఏడీఏ అని వేరే సెక్షన్ ఉంది, అక్కడ సగం లాభంగా చూపించాలి. ‘ఇంటీరియర్’ మాట వినగానే అందులో వేసేస్తారు. డ్రాయింగ్ గీసి, సలహా చెప్పి ఫీజు తీసుకుంటే ఆ సెక్షన్. ప్లైవుడ్ కోసి, కప్‌బోర్డులు బిగించి ఇచ్చే మీకు 44ఏడీ.

పాత పద్ధతి మంచిదా, కొత్తదా?

ఆదాయం 12 లక్షల లోపైతే కొత్తదే, ఆలోచించక్కర్లేదు. దాటితే, ఇంటి లోను వడ్డీ, ఎల్ఐసీ బాగా ఉన్నవాళ్లు రెండూ లెక్క కట్టించుకోండి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతదానిలోకి వెళ్లి మళ్లీ కొత్తదానిలోకి వస్తే ఇక పాతదానికి దారి లేదు. 12 లక్షలకు పదివేలు ఎక్కువైతే 60 వేలు పడుతుందని భయపడొద్దు. దాటిన పదివేల వరకే పన్ను, పైన సెస్సు.

గడువు దాటిపోయింది. ఇప్పుడెట్లా?

గడువు ఏటా పోర్టల్‌లో చూసుకోవాల్సిందే. 2025లో జూలై 31 కాస్తా సెప్టెంబర్ 16 దాకా జరిగింది. దాటినా డిసెంబర్ 31 దాకా ఆలస్యంగా వెయ్యొచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000 ఫీజు. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చెయ్యకపోతే వెయ్యనట్టే. పన్ను పడేవాళ్లు, అది 10 వేలు, అంతకుమించి అయితే, 44ఏడీలో మొత్తం మార్చి 15 లోపే అడ్వాన్స్‌గా కట్టేయాలి.

శ్రీసిటీ కంపెనీలో పని చేస్తే బిల్లులో పట్టుకున్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు, మీ పేరు మీద ప్రభుత్వం దగ్గర ఉంది. కంపెనీలు కాంట్రాక్టు బిల్లు 30 వేలు దాటినా, ఏడాదిలో అన్నీ కలిపి లక్ష దాటినా సొంత పేరుతో చేసేవాళ్లకు 1 శాతం టీడీఎస్ పట్టాలి. లక్షా 20 వేల బిల్లుకు 1,200. పాన్ ఇవ్వకపోతే 20 శాతం, అంటే 24 వేలు. ఆధార్‌తో కలపని పాన్ కూడా ఇబ్బందే.

పోర్టల్‌లో 26ఏఎస్ తెరిస్తే ఎవరెంత పట్టారో ఉంటుంది. అందులో కనిపించకపోతే కంపెనీవాళ్లు పట్టుకుని కట్టలేదనో, పాన్ తప్పు వేశారనో అర్థం. వాళ్ల అకౌంట్స్ సెక్షన్‌కు ఫోన్ చేసి వెంటపడండి. రిటర్న్ వేస్తే, పన్ను లేనివాళ్లకు అదంతా ఖాతాలోకి తిరిగొస్తుంది. రిటర్న్ వెయ్యకుండా ఈ డబ్బు వదులుకున్న వెల్డర్లు, పెయింటర్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

## జీఎస్టీ

జీఎస్టీ ఎప్పుడు తీసుకోవాలి?

మన పని సేవ కింద వస్తుంది, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే తీసుకోవాలి. 40 లక్షలన్నది వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు. ఆ 20 లక్షల్లో పని వసూళ్లే కాదు, అదే పాన్ మీద వచ్చే షాపు బాడుగ, మిద్దె పోర్షన్ బాడుగ కూడా కలుస్తాయి. రిజిస్ట్రేషన్ ఉచితం. దాటాక మామూలు పద్ధతిలో 18 శాతం వసూలు చెయ్యాలి, లేదా 50 లక్షల లోపు వాళ్లు కాంపోజిషన్‌లో 6 శాతం జేబులోంచి కట్టాలి. ఇళ్ల పనులే ఎక్కువైతే కాంపోజిషన్ నయం, ఇంటివాళ్లు 18 శాతం ఇవ్వడానికి ఒప్పుకోరు గనక. నంబరు లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చెయ్యడం నేరం.

లాడ్జీవాళ్లు జీఎస్టీ బిల్లు ఉంటేనే పని ఇస్తామంటున్నారు. 20 లక్షలు దాటకపోయినా తీసుకోవాలా?

ముందు వాళ్లకు ఆ బిల్లుతో నిజంగా లాభం ఉందా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు జీఎస్టీ 5 శాతమైంది, వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే వీలు) లేదు. బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీలన్నీ ఇంచుమించు ఆ కోవలోవే. మీ 18 శాతం వాళ్లకు తిరిగిరాదు, ఖర్చే. కొందరు మేనేజర్లు పాత అలవాటుకొద్దీ అడుగుతారు. చెప్పి చూడండి, మామూలు బిల్లుకు ఒప్పుకోవచ్చు.

చిత్తూరులో ఉంటాను, వేలూరులో కూడా పనులు చేస్తాను. రాష్ట్రం దాటితే జీఎస్టీ తప్పనిసరా?

సేవలకు కాదు. టర్నోవర్ 20 లక్షల లోపు ఉంటే కాట్పాడిలో చేసినా, ముళబాగిలులో చేసినా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు మాత్రం ఆ ఇల్లు ఎక్కడుందో చూసి బిల్లు వెయ్యాలి, వేలూరు ఇంటికి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన పనికి వేసే జీఎస్టీ). కాంపోజిషన్‌లో ఉంటే పక్క రాష్ట్రం పని ఒప్పుకోకూడదు. సరిహద్దు వాళ్లు కాంపోజిషన్ తీసుకునేముందు ఇది ఆలోచించండి.

నంబరు తీసుకున్నాను, ఇప్పుడు పనుల్లేవు. ఊరికే వదిలెయ్యొచ్చా?

వదిలెయ్యొద్దు. వ్యాపారం లేకపోయినా సున్నా రిటర్న్ వెయ్యాలి, లేకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున పెరుగుతుంది. ఇక అక్కర్లేదనుకుంటే రద్దుకు అప్లై చేసి, రద్దయ్యాక మూడు నెలల్లో ఫైనల్ రిటర్న్ వెయ్యండి. చాలామంది ఈ చివరిది మర్చిపోయి మళ్లీ దొరికిపోతారు.

## నోటీసులు, లోన్లు

ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మెసేజ్ వచ్చింది. చెమటలు పడుతున్నాయి.

ముందు అది అసలుదో కాదో చూడండి. శాఖ పంపే ప్రతి ఉత్తరం మీద డిన్ అనే నంబరు ఉంటుంది, పోర్టల్‌లో లాగిన్ లేకుండానే సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో లింకు వస్తే నొక్కొద్దు. ఎక్కువ మందికి వచ్చేది 143(1) సమాచారం. మీ లెక్క, వాళ్ల లెక్క పక్కపక్కన రెండు వరుసల్లో ఉంటాయి. రెండూ ఒకటే అయితే చెయ్యాల్సిందేమీ లేదు. రిటర్న్‌లో లోపం ఉందన్న నోటీసైతే 15 రోజుల గడువు, అదే రోజు ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. భయంతో కవరు విప్పకుండా బీరువాలో పెట్టడం అన్నిటికంటే ఖరీదైన పని.

ఇంటి లోను కావాలి. ఒకేసారి మూడేళ్ల రిటర్నులు వేయించొచ్చా?

వేసేవాళ్లున్నారు. బ్యాంకువాళ్లు మాత్రం తేదీలు చూస్తారు. మూడు రిటర్నులూ ఒకే వారంలో వేసి ఉంటే మేనేజర్ చిన్నగా నవ్వి పక్కన పెడతాడు. పాత ఏళ్లకు వేసేదానికి అదనపు పన్ను కూడా పడుతుంది, రీఫండ్ ఉండదు. మూడేళ్ల తర్వాత ఇల్లు కట్టాలనుకుంటే మొదటి రిటర్న్ ఈ ఏడాదే వెయ్యండి, ఆదాయం నిజంది చూపించండి.

మా నాన్న పెయింటింగ్ కాంట్రాక్టులు చేసేవారు, పోయారు. ఆయన టీడీఎస్ డబ్బు వస్తుందా?

వస్తుంది. ఆయన బతికున్న రోజు వరకు ఆదాయానికి వారసులు రిటర్న్ వెయ్యాలి. పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి, చట్టబద్ధ వారసుడిగా రిజిస్టర్ చేసుకోవాలి. డెత్ సర్టిఫికెట్, ఆయన పాన్, మీ పాన్, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో గొడవల్లేకుండా అన్నదమ్ముల్లో ఎవరు రిజిస్టర్ అవ్వాలో ముందే మాట్లాడుకోండి. ఆయన నోటుబుక్కులు పారెయ్యకండి, రావాల్సిన బాకీలు కూడా అందులోనే ఉంటాయి.